లాకర్ కంపెనీది, గుట్టు మాది

భీమవరం దగ్గర నేను పనిచేసిన రొయ్యల ప్లాంటు గేటు ముందు పొద్దున్న ఆరింటికి ఆటోలు ఆగేవి. ఉండి వైపు నుంచి, ఆకివీడు వైపు నుంచి, కాలవగట్ల మీది ఊళ్ల నుంచి ఆడవాళ్లు దిగేవారు. తలలో పూలు, చేతులకి గాజులు, చేతిలో క్యారేజీ. పావుగంట తర్వాత అదే మనుషుల్ని హాల్లో చూస్తే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. తలకి టోపీ, మూతికి మాస్కు, ఏప్రన్, మోకాళ్ల దాకా గమ్‌బూట్లు. గాజు ఉండకూడదు, పువ్వు ఉండకూడదు. ఉంగరం, చెవిదిద్దు, చివరికి పిన్నీసు కూడా ఉండకూడదు. విదేశాలకు వెళ్లే సరుకు అది. ఒక గాజుముక్క రొయ్యలతో పాటు బ్లాకులో గడ్డకట్టిందంటే ఎంత నష్టమో అందరికీ తెలుసు. అందుకని ప్రతి మనిషీ తన ఒంటిమీద ఉన్నవి, చేతిలో ఉన్నవి ఒక్కొక్కటే తీసి, ఒక ఇనప అరలో పెట్టి, తాళం వేసి లోపలికి వెళ్తుంది. ఆ అరనే లాకర్ అంటాం.

ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, లాకర్ల తనిఖీ గురించి ఎవరితో మాట్లాడినా "ఆ లాకర్ కంపెనీదే కదా" అంటారు. కంపెనీదే. కానీ అందులో సామాను పెట్టమన్నది కూడా కంపెనీయే. పెట్టకుండా లోపలికి వెళ్లే వీలు ఆమెకు లేదు. ఈ రెండో సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేను ఆ ప్లాంటులో ఆరేళ్లు స్టోర్స్‌లో గుమస్తాగా చేశాను. గ్లవ్స్, టోపీలు, కత్తులు, థర్మామీటర్లు ఇచ్చి పుచ్చుకోవడం, రిజిస్టర్ రాయడం నా పని. ఒకరోజు మధ్యాహ్నం సరుకు చల్లదనం చూసే డిజిటల్ థర్మామీటర్ ఒకటి లెక్కలో తగ్గింది. అది పెద్ద ఖరీదైన వస్తువేం కాదు. కానీ అంతకుముందు నెలలో రెండు కత్తులు పోయాయి, పైవాళ్లు చిరాకుగా ఉన్నారు. "ఆడవాళ్ల లాకర్లన్నీ తీయించండి" అని మాట వచ్చింది. అందరూ హాల్లో పనిలో ఉన్నారు. వాళ్లను పిలవలేదు. ఆఫీసులో డూప్లికేట్ తాళంచెవుల గుత్తి ఉంటుంది, అది తెచ్చారు. ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు, ఒక లేడీ సూపర్‌వైజర్, నేను. "నువ్వు ఆడమనిషివి కదమ్మా, సాక్షిగా నిలబడు, రిజిస్టర్ రాయి" అన్నారు. నిలబడ్డాను.

42 లాకర్లు తీశారు. మార్చుకునే చీరలు, తువ్వాళ్లు, పొద్దున్న తీసి పెట్టిన గాజులు, వాడిపోయిన కనకాంబరాలు, కాగితంలో చుట్టిన చెవిదిద్దులు. నెలసరి గుడ్డలు. వాటిని ఒక గార్డు లాఠీ కొనతో పక్కకి జరిపాడు. ఒక పెద్దావిడ లాకర్‌లో పసుపు సంచి అడుగున బ్యాంకు పాస్‌బుక్ దొరికింది. సూపర్‌వైజర్ తెరిచి చూసి "అబ్బో, ఈవిడకి ఇంత ఉందా" అంది. ఆవిడ భర్త తాగుతాడు. ఆ పుస్తకం ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు కాబట్టే లాకర్‌లో పెట్టుకుంది. తర్వాత ఒక పెళ్లికాని అమ్మాయి లాకర్‌లో మాత్రల అట్ట. సూపర్‌వైజర్ దాని మీద పేరు చదివింది. ఆ పేరు ఆమెకు తెలుసు, వాళ్ల బంధువుల పిల్లాడు వాడతాడట. "ఇవి ఫిట్స్ మాత్రలండి" అంది. గార్డులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

థర్మామీటర్ దొరకలేదు. రిజిస్టర్‌లో నేను "లాకర్లు తనిఖీ చేయడమైనది, ఏమీ దొరకలేదు" అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రం ఆటోలు బయల్దేరేలోపే ఆ అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయన్న మాట ఆటో ఎక్కింది. మర్నాడు థర్మామీటర్ చిల్‌రూమ్ దగ్గర తగిలించిన కోటు జేబులో కనబడింది. అది ఒక స్టాఫ్ కోటు. స్టాఫ్ టేబుళ్ల సొరుగులు ఎవరూ తెరవలేదు, తెరవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి గ్లవ్స్ కోసం నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. "అక్కా, ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారంట కదండీ" అంది.

"ఉన్నానమ్మా."

"మరి నన్ను పిలవమని ఒక్క మాట అనలేకపోయారా?"

ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

చట్టం పుస్తకాల్లో దీన్ని గోప్యత అంటారు. మన ఊళ్లలో ఆ మాట ఎవరూ వాడరు. మన మాట గుట్టు. "గుట్టుగా కాపురం చేసుకుంటోంది", "గుట్టు రట్టు చేశారు" అంటాం. గుట్టు అంటే తప్పు దాచుకోవడం అని కాదు. ఉన్నదాంట్లో పరువుగా బతకడం, తన బాధ ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించుకోవడం. పాస్‌బుక్ దాచుకున్న ఆవిడ దొంగ కాదు. మాత్రలు దాచుకున్న పిల్ల మోసగత్తె కాదు.

మా అమ్మమ్మ చెప్పేది. కుప్పనూర్పులప్పుడు కళ్లంలో పనిచేసి ఇంటికి వెళ్లేముందు కూలి ఆడవాళ్లు కామందు ఎదురుగా కొంగు దులిపి చూపించి వెళ్లాల్సి వచ్చేదట, ధాన్యం మూట కట్టుకున్నారేమోనని. ఆ దులపడం తలుచుకుంటే తొంభై ఏళ్ల వయసులో కూడా ఆవిడ గొంతు మారేది. కూలి తక్కువిచ్చారని ఎప్పుడూ అనేది కాదు, కొంగు దులిపించారనేది. అయితే అందులో కూడా మనిషి ఎదురుగా ఉండేది, తన కొంగు తనే దులిపేది. మేం ఆ రోజు చేసిన పనిలో అది కూడా లేదు.

ఇప్పుడు "లాకర్ మాది కాబట్టి తీస్తాం" అన్న వాదన దగ్గరికి వస్తాను. ఇల్లు ఓనర్‌దే. అద్దెకున్నవాళ్లు ఊరెళ్తే ఓనర్ మారుతాళం పెట్టి బీరువా తెరవొచ్చా? బ్యాంకు లాకర్ బ్యాంకుదే. అందులో మన పుస్తెలతాడు ఉందో లేదో మేనేజర్ చూసుకోవచ్చా? ఈ ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన ఒక సవరణ ప్రకారం కలెక్టర్ అధికారమిచ్చిన మనిషి ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల దస్తావేజులు తనిఖీ చేయవచ్చు. కెనరా బ్యాంకు దాని మీద పోరాడింది. 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదంది. గోప్యత అనేది చోటుకి సంబంధించింది కాదు, మనిషికి సంబంధించింది అని చెప్పింది. కాగితం బ్యాంకు గదిలో ఉన్నంత మాత్రాన అది ఆ మనిషిది కాకుండా పోదు. నాకు తెలిసినంతలో లాకర్ గురించి ఇంతకంటే సూటైన జవాబు లేదు. రేకు కంపెనీదే. దాని వెనకున్న మాత్రల అట్ట ఆ పిల్లది.

పైగా లాకర్ అనేది యజమాని దయతలచి ఇచ్చింది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 43వ సెక్షన్‌లోనే, పని వేళల్లో వేసుకోని బట్టలు పెట్టుకోవడానికి, తడిసిన బట్టలు ఆరబెట్టుకోవడానికి చోటు ఉండాలని నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చారు. రోజంతా ఐసు నీళ్లలో నిలబడే మా ప్లాంటు ఆడవాళ్లకి ఆ తడి బట్టల మాట ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లో లాకర్ గదులు అన్న మాటే నేరుగా ఉంది. మగవాళ్లకి, ఆడవాళ్లకి, ట్రాన్స్‌జెండర్లకి విడివిడిగా ఉండాలని రాశారు. విడిగా ఉండాలని చట్టం చెప్పిందంటే ఆ గదికి ఒక మర్యాద ఉందని ఒప్పుకున్నట్టే కదా. ఆ గదిలోకి ఇద్దరు మగ గార్డులు తాళాల గుత్తితో వచ్చినప్పుడు ఆ మర్యాద ఏమైనట్టు?

మన గోదావరి వాళ్లం ఈ విషయంలో మరిచిపోకూడని పేరు ఒకటుంది. కోకా సుబ్బారావుగారు. రాజమండ్రిలో పుట్టి, భారత ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి. 1954లో సుప్రీంకోర్టు, సోదాల గురించిన ఎం.పి. శర్మ కేసులో, మన రాజ్యాంగంలో గోప్యత హక్కు లాంటిది లేదన్నట్టు చెప్పింది. 1962లో ఖరక్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో పోలీసులు నిఘా పేరుతో ఒక మనిషి ఇంటి తలుపు అర్ధరాత్రి తట్టేవారు. మెజారిటీ జడ్జీలు రాత్రిపూట ఇంటికెళ్లడాన్ని తప్పుబట్టారు కానీ, గోప్యత హక్కు అనేది లేదన్నారు. సుబ్బారావుగారు, ఆయనతో పాటు జస్టిస్ జె.సి. షా ఒప్పుకోలేదు. గోప్యత లేకపోతే స్వేచ్ఛే లేదని సుబ్బారావుగారు రాశారు. మనిషి సుఖానికి, ఆరోగ్యానికి కావాలని చేసే చొరబాటుని మించిన హాని ఇంకోటి లేదన్న అర్థంలో ఆయన రాసిన మాట చదివినప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. అల్పసంఖ్య తీర్పుగా మిగిలిపోయిన ఆ మాట 55 ఏళ్లు ఆగింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. పాత రెండు తీర్పుల్లో అడ్డొచ్చిన భాగాలని కొట్టేసింది. రాజమండ్రి మనిషి మాట గెలిచింది.

ఇక్కడ యజమానుల తరఫు లాయర్లు ఒక మాట అంటారు. అదంతా ప్రభుత్వానికి వ్యతిరేకంగా పౌరుడికున్న హక్కు, ప్రైవేటు కంపెనీకి అది వర్తించదు అని. చాలాకాలం ఆ వాదనకి బలం ఉండేది. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో అయిదుగురు జడ్జీల్లో నలుగురు, రాజ్యాంగంలో స్వేచ్ఛల గురించిన 19, జీవించే హక్కు గురించిన 21 అధికరణాల కింది హక్కుల్ని ప్రభుత్వం కాని వాళ్ల మీద కూడా అడగవచ్చన్నారు. ఒక జడ్జి విభేదించారు. కానీ నిజం చెప్పాలంటే పొద్దున్న ఆరింటికి ఆటో దిగే మనిషి సుప్రీంకోర్టుకి వెళ్లదు. ఆమెకి కావలసింది నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించిన నాలుగు ముక్కలు.

ఆ నాలుగు ముక్కలు రాయించే దారి చట్టంలో ఒకటుంది. స్టాండింగ్ ఆర్డర్లు అంటారు, అంటే ఫ్యాక్టరీలో పని నియమాలు రాసిపెట్టిన కాగితం. 1946 నాటి చట్టం నుంచీ వాటిలో రాయాల్సిన అంశాల జాబితాలో గేటు దగ్గర రాకపోకలు, సోదాకి ఒప్పుకోవడం అన్నది ఉంది. అంటే గేటు దగ్గర చెకింగ్ కొత్తది కాదు, చట్టానికి తెలిసిందే. నేను దానికి వ్యతిరేకం కాదు. గేటు దగ్గర మనిషి ఎదురుగా ఉంటుంది, తన సంచి తనే తెరుస్తుంది, ఎవరేం చూశారో ఆమెకి తెలుస్తుంది. వెనకనుంచి లాకర్ తెరవడం దానితో సమానం కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత చట్టంలో 100 మంది పనివాళ్లుంటే స్టాండింగ్ ఆర్డర్లు ఉండాలి. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ హద్దు 300కి పెరిగింది. దాని కిందున్న ప్లాంటులో సోదా ఎలా చేయాలో రాసుకోవాలన్న బలవంతమే లేదు. పైగా మా దగ్గర సగానికి పైగా కాంట్రాక్టరు మనుషులు. తప్పు జరిగితే ఎవరిని అడగాలి అంటే కంపెనీ కాంట్రాక్టర్ని చూపిస్తుంది, కాంట్రాక్టరు కంపెనీని చూపిస్తాడు. ఒడిశా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లల సంగతి ఇంకా అన్యాయం. వాళ్ల ట్రంకుపెట్టె కూడా కంపెనీ గదిలోనే ఉంటుంది. వాళ్లకి ఈ ఊళ్లో కంపెనీది కాని గోడ ఒక్కటి కూడా లేదు.

పోలీసులతో పోల్చి చూడండి. పోలీసు ఇల్లు సోదా చేయాలంటే ఆ చుట్టుపక్కల ఉండే పెద్దమనుషులు ఇద్దరైనా సాక్షులుగా ఉండాలి. ఆడమనిషిని సోదా చేయాల్సి వస్తే ఇంకో ఆడమనిషే, మర్యాదకి భంగం రాకుండా చేయాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం ప్రకారం సోదాని వీడియో కూడా తీయాలి. నేరస్థుణ్ని పట్టుకునే అధికారం ఉన్న పోలీసుకే ఇన్ని కట్టుబాట్లు. సెక్యూరిటీ గార్డుకి ఒక్కటీ లేదు. నన్ను సాక్షి అన్నారు. నాకు జీతం ఇచ్చేది వాళ్లే. నేను సాక్షిని ఎలా అవుతాను?

అమెరికాలో 1984లో టెక్సస్ కోర్టుకి సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. కె-మార్ట్ దుకాణంలో పనిచేసే ఒకామె తన లాకర్‌కి పైవాళ్లకి తెలిసే సొంత తాళం వేసుకుంది. విరామంలో వచ్చి చూస్తే తాళం ఊడి వేలాడుతోంది, పర్సులో సామాను చిందరవందరగా ఉంది. వాచీ పోయిందని వెతికారట. సొంత తాళం వేసుకోనిచ్చారంటే ఆ లాకర్‌కీ, అందులోని వస్తువులకీ గోప్యత ఉంటుందని ఆమె ఆశించడం న్యాయమేనని అప్పీలు కోర్టు అంది. జ్యూరీకి చెప్పాల్సిన నిర్వచనం సరిగా చెప్పలేదని కేసుని మళ్లీ విచారణకి పంపింది, అది వేరే సంగతి. ఆ తీర్పు నాకు సగమే నచ్చింది. హక్కుని తాళానికి కట్టేస్తే, తాళం తెచ్చుకునే స్వేచ్ఛ లేనివాళ్ల గతి ఏమిటి? మా ప్లాంటులో తాళం కంపెనీయే ఇస్తుంది, డూప్లికేట్ దగ్గర పెట్టుకుంటుంది. రేపు ఎవరైనా సొంత తాళం వేస్తే కట్టర్‌తో కోస్తారు.

"చేరినప్పుడు సంతకం పెట్టారు కదా, సోదాకి ఒప్పుకున్నట్టే" అనే వాళ్లూ ఉన్నారు. ఆ సంతకాలు పెట్టించింది నేనే. అయిదు పేజీల ఇంగ్లీషు ఫారం. వేలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ" అని చూపించేదాన్ని. ఆరేళ్లలో ఒక్కరు కూడా "ఇందులో ఏముందండి" అని అడగలేదు, అడిగితే ఉద్యోగం ఉండదేమోనని భయం. ఒకవేళ చదివే సంతకం పెట్టారనుకుందాం. కంపెనీ సొత్తు కోసం వెతకడానికి ఒప్పుకున్న మనిషి, తన మాత్రల పేరు పైకి చదవడానికి కూడా ఒప్పుకున్నట్టా?

యజమాని వైపు నుంచి నేను కొట్టిపారేయలేని మాట ఒకటుంది. రొయ్యల ప్లాంటు మామూలు కొట్టు కాదు. సరుకులో క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే యూరప్ వాళ్లు వెనక్కి కొట్టేస్తారు. ఆ ఆనవాలు చెరువు నుంచే రావాలని లేదు. చేతికి రాసుకున్న ఆయింట్‌మెంట్, కంట్లో వేసుకునే చుక్కల మందు మీద కూడా అనుమానం ఉంటుంది. లాకర్‌లో తినుబండారాలు పెడితే చీమలు, ఎలకలు చేరతాయి. గుట్కా తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక్క కంటైనరు పోతే ఆ నష్టం చివరికి పనివాళ్ల కూలి మీదే పడుతుంది. ఇవన్నీ నిజాలే, నేను కళ్లారా చూసినవే. ఫిట్స్ వచ్చే పిల్లని జారే నేల మీద, ఐసు మధ్య నిలబెట్టడం ఆమెకే ప్రమాదం కదా అని మా సూపర్‌వైజర్ తర్వాత నాతో అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

కానీ ఆ న్యాయానికీ ఆ రోజు జరిగినదానికీ సంబంధం లేదు. మేం వెళ్లింది థర్మామీటర్ కోసం. శుభ్రత చూడాలంటే శనివారం లాకర్లు చూస్తామని ముందే చెప్పి, ఎవరి లాకర్ దగ్గర వాళ్లని నిలబెట్టి, వాళ్ల చేతే తీయించి చూడొచ్చు. తినే సామాను ఉంటే తీయమనొచ్చు. మందుల భయం ఉంటే ప్రతి ప్లాంటులో ప్రథమ చికిత్స పెట్టె దగ్గర ఒక మనిషి ఉంటుంది, వాడే మందులు ఆమెకి మాత్రం చెప్పండి, ఇంకెవరికీ తెలియదు అనొచ్చు. ఫిట్స్ ఉన్న పిల్లకి ఎక్కడ పని ఇవ్వాలో డాక్టరు చెబుతాడు. దొంగతనం అనుమానం ఉంటే ఎవరి మీద, ఎందుకు అన్నది ముందు ఒక కాగితం మీద రాయండి. రాయలేకపోతే అది అనుమానం కాదు, చిరాకు. రాయగలిగితే ఆమెని పిలవండి, ఆమె ఎంచుకున్న తోటి పనిమనిషిని పక్కన నిలబెట్టండి, ఆడవాళ్ల లాకర్ దగ్గరికి మగ గార్డుని రానివ్వకండి, ఏం వెతుకుతున్నారో అదే వెతకండి. కాగితం అయితే చదవకండి, మాత్ర అయితే పేరు చూడకండి. అయిపోయాక ఏం చూశారో రాసి ఒక కాపీ ఆమె చేతికివ్వండి. స్టాఫ్ సొరుగులకీ ఇదే పద్ధతి పెట్టండి. దీనికి ఖర్చేం లేదు. ఒక గంట పని ఆగుతుంది, అంతే.

ఆ అమ్మాయికి అప్పుడు ఒక సంబంధం మాట నడుస్తోంది. ఆ ఇంటివాళ్లు తర్వాత కబురు పంపలేదు. ప్లాంటు మాట వాళ్లదాకా వెళ్లిందో, కట్నం దగ్గర ఆగిందో ఎవరూ చెప్పలేరు. వాళ్లమ్మ మాత్రం మొదటిదే అనుకుంటోంది. పాస్‌బుక్ ఆవిడ తర్వాతి జీతం రోజున నా కౌంటర్ దగ్గరికి వచ్చి, "అమ్మాయిగారూ, ఈ పుస్తకం మీ సొరుగులో ఉంచుతారా, మీ సొరుగైతే తీయరు కదా" అంది. ఉంచాను. నేను మానేసే రోజున తిరిగి ఇచ్చాను, ఎక్కడ పెట్టుకుందో అడగలేదు.

ఆ సోదా తర్వాత నేను అక్కడ ఇంకో ఎనిమిది నెలలు ఉన్నాను. మళ్లీ కత్తి పోలేదు, థర్మామీటర్ పోలేదు. కానీ ఇంకోటి మొదలైంది. ఒకరోజు ఒకామె హాల్లో కళ్లు తిరిగి కూర్చుండిపోతే నేనూ ఇంకో ఇద్దరం పట్టుకుని బయటికి తెచ్చాం. గాలి ఆడాలని ఏప్రన్ విప్పితే కొంగు చివర ఒక ముడి కనబడింది. ముడిలో షుగర్ మాత్రలు. లాకర్‌లో పెట్టుకోవచ్చు కదమ్మా అని సూపర్‌వైజర్ కోప్పడింది. ఆమె కళ్లు మూసుకునే, "అక్కడ పెడితే అందరూ చదువుతారండి" అంది. ఆ వారంలో అడిగితే తెలిసింది, హాల్లో టేబుళ్ల చుట్టూ నిలబడ్డవాళ్లలో చాలామంది మందులు, డబ్బులు, చీటీలు ఏప్రన్ కింద ముడేసుకునే లోపలికి వస్తున్నారని. లాకర్లలో క్యారేజీలు, చెప్పులు మాత్రం ఉన్నాయి.